పన్ను గట్టినవాడే పౌరుడా?

పన్ను చెల్లించినవానికే పాలనలో పలుకు ఉండవలెనని వాదించువారు మనలో నానాటికి పెరుగుచున్నారు. పురపాలకసంఘపు ఎన్నికలు వచ్చినపుడెల్ల, "మేము కట్టిన పన్నుతో ఎవరెవరో సుఖపడుచున్నారు, కట్టనివారికి ఓటు ఏల?" అను మాట అరుగులమీదను, క్లబ్బులలోను, విద్యాధికుల నోటను సమానముగా వినబడుచున్నది. తమ వాదమునకు బలముగా వీరు ఇంగ్లండును జూపుదురు. విక్టోరియారాణి కాలమున, అనగా 1837 మొదలు 1901 వఱకు, ఆ దేశపు పట్టణములలో పన్ను గట్టు గృహస్థుడే ఓటరుగా నుండెననియు, తన సొమ్ము తానే కాచుకొనువాడు గనుక పాలన పొదుపుగాను, నిర్మలముగాను జరిగెననియు చెప్పుదురు. చరిత్రపాఠములు చెప్పుకొను నావంటివారికి ఈ స్తోత్రము క్రొత్తది కాదు. అయితే ఆ పన్నును ఎవరు మదింపు చేసిరి, ఎవరివద్ద వసూలు చేసిరి, పుస్తకములో ఎవరి పేరు వ్రాసిరి అను ప్రశ్నలను స్తోత్రపాఠకులు అడుగరు. అడిగినచో వారు పిలిచిన సాక్షి వారిమీదనే ఫిర్యాదు చేయును. ఆ దేశమున పన్ను భరించిన పేదవానికి లక్షలసంఖ్యలో ఓటు లేకపోయెను. ఓట్లు గుత్తకు దీసికొన్న ధనవంతుని యాస్తిలో పెద్దభాగమునకు పన్ను లేకపోయెను.

ఆ పన్నునకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు రేటు. అది పుట్టినది పట్టణముల సౌఖ్యము కొఱకు గాదు, పేదల పోషణము కొఱకు. 1601లో, మొదటి ఎలిజబెత్తు రాణి కాలమున చేసిన శాసనము, ప్రతి పారిషునందును, అనగా ఒక్కొక్క చర్చికి జేరిన ఊరియందు గాని పేటయందు గాని, కొందఱు గృహస్థులను పేదల ఓవర్సీర్లుగా నియమించుమనెను. (మన ఓవర్సీరు రోడ్లను కొలుచును, ఈ ఓవర్సీరు రోడ్డున బడినవారిని లెక్కించును.) వీరికి జీతము లేదు. ఏటేట మాఱుచుందురు. తమ దుకాణమో, సేద్యమో చూచుకొనుచు, ఆ యేడు పేదలకు ఎంత వలయునో అంచనావేసి, దానిని పారిషులోని ఇండ్ల మీదను భూముల మీదను వాని వార్షికపు విలువను బట్టి పంచి, పౌనుకు ఇన్ని పెన్నీలని నిర్ణయింతురు. ఇద్దఱు మేజిస్ట్రేట్లు పట్టీపై సంతకము చేయవలెను. ఆ సంతకము వట్టి లాంఛనము, మదింపు న్యాయమా అన్యాయమా అని విచారించుటకు గాదు. పిమ్మట చర్చి తలుపునకు ప్రకటన అంటింతురు. చెల్లింపనివాని సామాను జప్తు అగును. సామాను చాలనిచో చెఱసాల. పోలీసువారికి, దీపములకు, మురుగుకాలువలకు, 1870 తరువాత బడులకు, ఇట్లు ఆ శతాబ్దమున పుట్టిన ప్రతి క్రొత్త ఖర్చునకును వేఱొక మార్గము వెదకక, రెండువందలయేండ్లనాటి యీ ముసలిగాడిద వీపుననే బరువెక్కించిరి.

బరువు మాట అటుండనిండు, కొలత ఎట్టిదో చూతము. 1836నాటి చట్టము ఒక నిర్వచనమును జేసినది. ఈ యిల్లు లేక భూమి, ఏడాది కౌలునకు ఇచ్చినచో, న్యాయముగా ఎంత అద్దె వచ్చునని ఎదురుచూడవచ్చునో, అందుండి మరమ్మతులు, భీమా మొదలగు ఖర్చులను దీసివేయగా మిగిలినది దాని పన్నువిలువ. వినుటకు ఎంతయు సమంజసముగా నున్నది. అయితే స్వంతయింట నున్నవాని యింటికి అద్దె యెవడు చెప్పును? అందులకై న్యాయవాదులు ఒక అద్దెదారుని ఊహించిరి. ఆ పుణ్యాత్ముడు ఏ యూరనులేడు. ప్రతి యింటి గుమ్మమునను నిలిచి బేరమాడుచుండును. మన తార్కికులు వంధ్యాపుత్రుని, కుందేటికొమ్మును ఉదాహరణలుగా వాడుకొని విడిచిపెట్టిరే గాని వానిపై పన్నులు వసూలుచేయలేదు. ఇంగ్లీషువారు ఆ పనియు జేసిరి.

ఈ ఊహాపురుషుడు పేదవాని యింటివద్ద కఠినుడు, ప్రభువు కోటవద్ద దయామయుడు. మాంచెస్టరులో పక్కపక్కను వేలకొలది చిన్నయిండ్లు అద్దెకే యున్నవి. వాని అద్దె అందఱకు దెలియును. అచ్చట కొలత తప్పదు. కాని నూఱు గదులును, వేటతోటలును గల ప్రభువుగారి భవనమును ఏడాదికి అద్దెకు దీసికొనువాడెవడు? అట్టివాడు అంగడిలో లేడు గనుక, అట్టి భవనమునకు వచ్చు అద్దెయు స్వల్పమే యని మదింపుదారులు తేల్చిరి. కట్టించుటకు లక్షల పౌనులైన భవనము కట్టుబడితో పొంతనలేని చిన్న విలువకు పన్నుపుస్తకమున కెక్కినది.

ఇంతకంటె విచిత్రము మఱియొకటి. 1601నాటి శాసనపు మాటలనుబట్టి పారిషులో నివసించువాడు ఇంటికి, భూమికే గాక, వర్తకపు సరకుమీదను పన్ను చెల్లింపవలసినవాడే. ఆ భారము మీద బడునను భయము గలుగగానే 1840లో పార్లమెంటు దానిని తొలగించుచు ఒక్కయేటికి చెల్లు తాత్కాలికపు చట్టము చేసినది. ఆ తాత్కాలికమును ఏటేట పొడిగించుచు ఆ శతాబ్దమంతయు గడిపిరి. గిడ్డంగినిండ దూదిబేళ్లున్న వర్తకుని సరకునకు పన్ను లేదు, ఆ గిడ్డంగిగోడలకు గలదు. బ్యాంకులోని సొమ్మునకు లేదు, కంపెనీవాటాలకు లేదు. ఖాళీగా నున్న యింటికి లేదు. పట్టణము నడుమ ధర పెరుగునని పడావు పెట్టియుంచిన నేలకు, పశువుల మేతకు వచ్చు కాసు అద్దెపై నామమాత్రపు పన్ను. మేతయు లేనిచో అదియు లేదు. చుట్టును వీథులు వేసి, కాలువలు త్రవ్వి, దీపములు పెట్టినది అద్దెయిండ్లవారి పన్నుతో. ధర పెరిగినది ఖాళీనేల యజమానికి. పనివారి గృహములను గూర్చి విచారించుటకు సర్ చార్లెస్ డిల్క్ అధ్యక్షుడుగా నియమింపబడిన రాజసంఘము 1885లో దీనిని గుర్తించి, ఇండ్లు కట్టదగిన ఖాళీనేలపై దాని అమ్మకపు ధరను బట్టి పన్ను వేయుట మేలని సూచించెను. ఆ సంఘములో యువరాజును ఉండెను, కార్డినల్ మానింగును ఉండెను. విప్లవకారుల సభ యనుటకు వీలులేదు. రాణి మరణించువఱకు ఆ సూచన కాగితముపైననే యుండినది.

మదింపుదారుల మాట గూడ కొంత చెప్పవలెను. జిల్లాఖర్చులకు పారిషులు తమ విలువనుబట్టి వంతు చెల్లింపవలసియుండుటచే, తమ పారిషు విలువను తక్కువగా వ్రాయుటయే పొరుగువారి మెప్పు బడయు మార్గమని ఓవర్సీర్లు కనిపెట్టిరి. ఈ పోటీ ముదిరిన మీదట 1862లో విలువపట్టీలను పరీక్షించుటకు పారిషుల కూటములందు మదింపు కమిటీలను ఏర్పఱచిరి. లండనునకు మాత్రము 1869లో, ఐదేండ్లకొకసారి పునర్మదింపు జరుగవలెనను నియమము వచ్చినది. తక్కిన దేశమున కట్టి గడువు 1925 చట్టము వఱకు లేదు.

ఇక ఓటు మాటకు వత్తము. 1832నాటి సంస్కరణచట్టము, పట్టణములలో ఏడాదికి 10 పౌనుల విలువగల యింట నున్నవానికి పార్లమెంటు ఓటు నిచ్చెను. కాని ఏప్రిలు 6నాటికి బాకీపడిన రేటును జూలై 20లోపల చెల్లింపనిచో ఓటు పోవును. 1835లో మునిసిపల్ కార్పొరేషనుల చట్టము 178 పట్టణములలో పాత స్వయంనియమితసభలను తొలగించి, ఎన్నికల సభలను నెలకొల్పినది. ఇది గొప్ప సంస్కరణమే, కాదనను. అయితే ఓటరగుటకు ఆ సంవత్సరమే గాక అంతకుముందు రెండేండ్లును ఇల్లు కలిగి పన్నుపట్టీలో ఉండవలెను; పన్ను చెల్లించియుండవలెను; గడచిన పండ్రెండు నెలలలో పేదలనిధినుండి ఒక రొట్టెముక్కయైన పుచ్చుకొనియుండరాదు. పనికై వీథినుండి వీథికి, ఊరినుండి ఊరికి దిరుగు కూలివానికి మూడేండ్ల స్థిరనివాసమెక్కడిది? జ్వరము వచ్చి ఆఱువారములు మంచమెక్కి, బిడ్డలకు పారిషువారి రొట్టె తెచ్చుకొన్న తండ్రి, ఆ రొట్టెతోబాటు తన పౌరత్వమును మ్రింగినవాడయ్యెను.

కార్పొరేషను లేని ఊళ్ల సంగతి యింకను సొంపైనది. ఇంగ్లండు వేల్సులలో సుమారు 53,000 మందిని పొట్టబెట్టుకొన్న కలరా దాపునకు వచ్చుచుండగా 1848లో ప్రజారోగ్యచట్టము వచ్చినది. దానిక్రింద ఏర్పడు స్థానికసభల ఎన్నికలలో, 50 పౌనులకు తక్కువ విలువవానికి ఒక ఓటు. విలువ పెరిగినకొలది ఓట్లు పెరిగి 250 పౌనుల వానికి ఆఱు ఓట్లు. యజమానియు, అందు నివసించువాడును ఒక్కడే యైనచో ఆఱునాఱు పండ్రెండు. అనగా మురికినీటికి దాపున గాపురముండువానికి ఒక్క ఓటు. ఆ నీటిప్రక్క కొంపలు గట్టి అద్దెలు గొనువానికి ఆఱు. కాలువ త్రవ్వవలెనా వలదా అని నిర్ణయించు త్రాసు అది. ఈ బహుళపు ఓట్లు 1894లో గాని పోలేదు.

మనవారు, "చెల్లించువాడు ఓటరు, చెల్లింపనివాడు కాడు, ఇందు దోషమేమి?" అందురు. ఈ మాటను నిలబెట్టి పరీక్షించుటకు ఇంగ్లండు చరిత్రలో ఒక మంచి ఘట్టము గలదు. వారపు అద్దెయిచ్చు చిన్నయిండ్లలో ఇంటింటికి దిరిగి నాలుగైదు షిల్లింగులు వసూలుచేయుట ఓవర్సీర్లకు కష్టము. అందుచే యజమానితోనే ఒప్పందము చేసికొను వాడుక పుట్టినది. 1850నాటి చట్టము 6 పౌనులకు మించని యిండ్ల విషయములో పారిషువారు యజమాని పేరనే పన్ను వేయవచ్చుననెను. ఇండ్లన్నిటి పన్నును తానే మొత్తముగా చెల్లించును గనుక యజమానికి నాలుగవవంతుకు తక్కువకాని తగ్గింపు. అతడు మాత్రము పన్నును పూర్తిగా వారపు అద్దెలో గలిపి పుచ్చుకొనును. ఓవర్సీరునకు శ్రమ తగ్గినది. యజమానికి లాభము కలిగినది. అద్దెదారుడు పెన్నీ పెన్నీగా పన్ను భరించెను. పుస్తకములో మాత్రము అతని పేరు లేదు. పేరు లేదు గనుక పన్ను గట్టలేదు. గట్టలేదు గనుక ఓటు లేదు. ఇట్టి వారిని కాంపౌండు గృహస్థులనిరి.

1867లో డిజ్రేలీ పట్టణములలో ప్రతి గృహస్థునకు పార్లమెంటు ఓటు నిచ్చెదనని బిల్లు తెచ్చెను. కాని స్వయముగా రేటు చెల్లించినవానికే యని కొక్కెము పెట్టెను. ఆ కొక్కెమునకు దగుల్కొన్న కాంపౌండు గృహస్థులు సుమారు అయిదు లక్షలమంది. ఇంగ్లండు రాజ్యాంగపు భవిష్యత్తు కొన్ని వారములు ఈ చిన్నయింటి అద్దెదారుని పేరుచుట్టు దిరిగెను. తుదకు న్యూఆర్కు సభ్యుడు హాడ్జికిన్సన్ ఒక సవరణ దెచ్చెను: పార్లమెంటు ఎన్నికలు జరుగు పట్టణములలో ఈ కాంపౌండు పద్ధతినే తీసివేయుడు, ప్రతి అద్దెదారుడును తన పన్ను తానే కట్టును, ఓటు వచ్చును. డిజ్రేలీ ఒప్పుకొని తన సొంత కట్టడినే సడలించెను.

వాదము గెలిచినది గదా? చెల్లించువాడే ఓటరు. కాని ఏమి జరిగినది? వారమునకు కొన్ని పెన్నీలుగా తెలియకుండ గట్టుచుండిన పన్నును అద్దెదారుడు ఇకమీదట ఒక్కమాఱుగా షిల్లింగులలో గట్టవలసివచ్చెను. పాత కౌలుదార్లు ఆ మొత్తమును అద్దెలో తగ్గించుకొనవచ్చునని చట్టములో వ్రాసియున్నదే. కాని వారమునాటి నోటీసుతో వెళ్లగొట్టబడగల వాని చేతిలో అట్టి హక్కు ఎన్నినాళ్లుండును? బర్మింగుహాము మొదలగు పట్టణములలో పన్ను గట్టలేనివారికి వేలకొలది సమనులు వెళ్లినవి. జప్తు అనగా మంచము, కుండ. ఓటు నిచ్చిన సంస్కరణ ఇంటిలో సామాను దీసికొనిపోయినదని పేదలు తిట్టుకొనిరి. రెండేండ్లు తిరుగకమునుపే, 1869లో, పేదల న్యాయశాఖాధ్యక్షుడు గోషెన్ క్రొత్తచట్టము తెచ్చి కాంపౌండు పద్ధతిని మరల నెలకొల్పెను. కాని ఈసారి యజమాని చెల్లించినను అద్దెదారుడు చెల్లించినట్లే భావించి, అతని పేరు పట్టీలో వ్రాయవలెననెను. పన్ను యెవరిచేతిమీదుగా బోయినను భరించినవాడు పౌరుడే యని ఒప్పుకొనుటకు అంత తెలివిగల జాతికి అంతకాలము పట్టినది. ఇతరుని రేటును ఓటుకొఱకు చెల్లించి పెట్టుటను లంచముగా శిక్షింపవలసివచ్చినదను ఒక్క సంగతియే చాలును, పన్నురసీదు పౌరధర్మమునకు ఎంతపాటి గుర్తో తెలియుటకు.

స్త్రీలవిషయమును విడువరాదు. అదే 1869లో జేకబ్ బ్రైటు ప్రయత్నముచే పన్ను గట్టు స్త్రీలకు మునిసిపల్ ఓటు కలిగెను. మంచిదే. 1872లో న్యాయస్థానము, వివాహిత కా హక్కు లేదని తీర్పుచెప్పెను. కావున ఇల్లు తన పేరనున్న వితంతువు పౌరురాలు. భర్త బ్రతికియున్న పాపమునకు పొరుగింటి యిల్లాలు గాదు.

"కాని పన్ను గట్టువారి యదుపు లేనిచో ధనము దుబారా యగును" అను ఆక్షేపణ యొకటి మిగిలినది. దీనికిని చరిత్రయే జవాబు చెప్పును. అదుపు పూర్తిగా వారి చేతనే యున్నపుడు బర్మింగుహాములో ఏమి జరిగినది? 1850ల నడుమ జోసెఫ్ ఆల్డే యనువాని నాయకత్వమున పొదుపుపక్షము సభను బట్టుకొనెను. వీరి మంతనములు వుడ్‌మన్ అను సారాయంగటిలో జరుగుచుండెడివి. సమర్థుడైన నగరపు సర్వేయరు పిగట్ స్మిత్తును తొలగించిరి. ఖర్చగు మురుగుకాలువల పనులను కుంటుపఱచిరి. పెన్నీ మిగిల్చినందులకు ఓటర్లు సంతోషించిరి. మురుగు పాఱని పేటలలో జ్వరములు నిలిచిపోయినవి; ఆ జ్వరముల ఖర్చు ఏ పట్టీలోను వ్రాయబడలేదు.

ఆ చిన్న దుకాణదారులు రాక్షసులనుట నా యుద్దేశముకాదు. వారి బాధ నిజమైనది. బియ్యపుకొట్టువానికి పెద్దయిల్లు కావలెను, రాబడి స్వల్పము. ప్లీడరునకు రెండుగదులు చాలును; రాబడి గొప్పది. అద్దెనుబట్టి పన్ను వేయుచోట కొట్టువాడు నలిగిపోవును, ప్లీడరు నవ్వుచుండును. నలిగినవాడు ఖర్చులన్నిటికిని అడ్డము నిలుచుట సహజము. అందుకనియే 1873లో మేయరైన జోసెఫ్ చేంబర్లేను రేటును మాత్రమే నమ్ముకొనక, సుమారు 20 లక్షల పౌనులకు గ్యాసుకంపెనీలను నగరమునకు కొని, ఆ లాభముతో పని నడపెను. పట్టణము బాగుపడుటకు, అప్పటి కొలతగోలను తప్పించుకొని పోవలసివచ్చెను.

లండనునం దీ కొలత మఱింత వికృతముగా వంకరపోయినది. ఏ పారిషు పేదలను ఆ పారిషే పోషింపవలెను గనుక, కూలివారు క్రిక్కిఱిసిన తూర్పుపేటలలో రేటు హెచ్చు, వారి పనిచే ధనికులైనవారు నివసించు పడమటిపేటలలో తక్కువ. పల్లెలలోనైతే కొందఱు భూస్వాములు తమ పారిషులో కూలివాడు స్థిరపడి భారమగునని గుడిసెలే పడగొట్టించి, పనికి పొరుగూరినుండి నడిపించుకొనిరి. 1865లో పేదల భారమును పారిషునుండి పారిషుల కూటమికి మార్చిరి. 1867లో లండనునకు ఉమ్మడి పేదలనిధి వచ్చెను. 1894లో పౌనుకు ఆఱు పెన్నీల రేటును నగరమంతట వసూలుచేసి జనసంఖ్యనుబట్టి పంచు చట్టము వచ్చెను. ఇవి మంచి మార్పులు. కాని రెండేండ్లకే, 1896లో, వ్యవసాయభూములపై రేటును సగము చేసి లోటును ఖజానానుండి పూడ్చిరి. గుడిసెలు పడగొట్టించిన తరగతికి ఖజానా చేసిన సత్కారమిది.

ఈ కొలతగోల ఓడయెక్కి మనదేశమునకును వచ్చినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానికపాలనను గూర్చి తీర్మానము వెలువరింపగా, 1884లో మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చినది. 1920లో దానిస్థానమున వచ్చిన చట్టము, ఇల్లు నెలకో ఏటికో అద్దెకిచ్చినచో న్యాయముగా రాదగిన మొత్తము అను ఆ మాటలనే ఇంచుమించుగా చెప్పినది. ఊహాజనితుడైన ఇంగ్లీషు అద్దెదారుడు మన బందరులోను, రాజమహేంద్రవరములోను గుమ్మముల ముందు నిలిచెను. పన్నుతో ముడివడిన ఓటును వెంట వచ్చెను. స్వాతంత్ర్యానంతరము వయోజనులందఱకు ఓటు వచ్చిన పిమ్మట గాని అది పూర్తిగా తెగిపోలేదు. ఆంధ్రప్రదేశమున 2021 నుండి అద్దెవిలువకు బదులు ఆస్తి మూలధనపు విలువనుబట్టి పన్ను వేయుచున్నారు. కొలత మాఱినది, ఓటు వలదను పాత పాట మాత్రము మరల అరుగులమీద ఆరంభమైనది. పేటలో అద్దెకున్న రిక్షావాడు ఇంటిపన్ను గట్టుటలేదని యెవరు చెప్పిరి? యజమాని రసీదులోని రూపాయలు ఎవరి అద్దెలోనుండి వచ్చినవి?

ఇంగ్లండువారు నివాసగృహముల రేటును 1990లో తీసివేసి తలపన్నును పెట్టిరి. స్కాట్లండులో అది యొకయేడు ముందే వచ్చినది. ప్రభువునకు, పాకీవానికి ఒకే మొత్తము. 1990 మార్చి 31న లండనులోని ట్రఫాల్గరు చౌకులో అల్లరులు చెలరేగినవి. ఆ పన్ను పట్టీకి దొరకకుండుటకై పేదలు పలువురు ఓటర్ల జాబితాలో తమ పేరు చేర్పించుకొనుటయే మానివేసిరి. 1993లో ఆ పన్నును ఎత్తివేసిరి. జాబితానుండి జాఱిపోయిన పేర్లను మరల ఇంటింటికి బోయి వెదకవలసివచ్చెను.